టేపు, ఫోన్‌తో మైదానంలో వేగాన్నీ కోణాన్నీ కొలవడం: సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని వ్యాయామ ఉపాధ్యాయులు, ఇంటర్ విద్యార్థులు, పిల్లలను పోటీలకు పంపే తల్లిదండ్రులు పదే పదే అడుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. ఖరీదైన పరికరాలు లేకుండా, పాఠశాల మైదానంలోనే, పరుగు వేగాన్ని గానీ విసిరిన గుండు (షాట్‌పుట్) వెళ్లిన కోణాన్ని గానీ నమ్మదగినట్టుగా కొలవడం ఎలా?

అందుకు టేపు, ఫోన్ సరిపోతాయి. అయితే మొదటి నుంచి చివరి వరకూ ఒక నియమాన్ని పాటించాలి: వీడియో నుంచి కాలాన్ని తీసుకోవాలి, దూరాన్ని నేల మీద టేపుతో కొలవాలి. ఫోన్ తెర మీద కనిపించే దూరాలు కెమెరా నిలిపిన చోటును బట్టి మారిపోతాయి; ఫ్రేముల (వీడియోలో వరుసగా వచ్చే విడి చిత్రాల) లెక్క మాత్రం మారదు. కింది పద్ధతులన్నీ ఈ నియమం మీదే ఆధారపడి ఉన్నాయి.

1. ముందుగా సమకూర్చుకోవలసినవి

- 30 లేదా 50 మీటర్ల ఫైబర్ టేపు. బట్ట టేపు లాగితే సాగుతుంది కాబట్టి పనికిరాదు.
- సెకనుకు 60 ఫ్రేములు తీయగల ఫోన్. 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే మరీ మంచిది.
- ఫోన్ కదలకుండా నిలబెట్టే స్టాండు. చేత్తో పట్టుకుని తీసిన వీడియో కొలతకు పనికిరాదు.
- రెండున్నర మీటర్ల వెదురు కర్ర ఒకటి, ప్రతి 10 సెంటీమీటర్లకూ ఎరుపు, తెలుపు రంగు పట్టీలు వేసినది.
- మనిషి ఎత్తు సన్నటి కర్రలు నాలుగు, సున్నం లేదా ముగ్గు పిండి.
- తాపీ మేస్త్రి వాడే తూకం గుండు. కర్రలు నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూడటానికి ఇది కావాలి.
- ఒక పలక, సుద్దముక్క. ప్రతి ప్రయత్నానికీ ముందు ఆటగాడి పేరు, ప్రయత్నం సంఖ్య రాసి కెమెరాకు చూపించాలి. మార్కాపురం రాతి పలక దొరికితే ఎండలో మెరవకుండా అక్షరం స్పష్టంగా పడుతుంది.

2. వేళ, నేల, గాలి

తీర ప్రాంతంలో ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి బలంగా వీస్తుంది. అందుకే ఉదయం పూట, ఎండ ముదరక ముందే కొలతలు ముగించాలి. అలాగని తెల్లవారుజామున మొదలుపెట్టకూడదు, ఎందుకంటే వెలుతురు చాలనప్పుడు చాలా ఫోన్లు మనకు చెప్పకుండానే ఫ్రేముల సంఖ్యను తగ్గించుకుంటాయి. సూర్యుడు బాగా పైకి వచ్చాక మొదలుపెట్టి, వెలుతురు కెమెరా వెనుక నుంచి పడేలా ఫోన్‌ను అమర్చుకోవాలి.

ఒక కర్రకు సన్నని రిబ్బను కట్టి ఉంచండి. అది నిలువుగా వేలాడుతున్నంతసేపు గాలిని పట్టించుకోనక్కర్లేదు. పోటీల్లో కూడా 100 మీటర్ల పరుగులో వెనుక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ సమయాన్ని రికార్డుగా గుర్తించరు.

నేల గట్టిగా ఉంటే గుండు పడిన గుర్తు కనపడదు. పడే చోట పలుచగా ఇసుక చల్లి నీళ్లు చిలకరించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో వానలు పడే రోజుల్లో నేల తనంతట తానే గుర్తు పట్టుకుంటుంది గానీ, ఆ బురదలో తీసిన పరుగు సమయాలను ఎండాకాలపు సమయాలతో పోల్చకూడదు. మైపాడు, కొత్తపట్నం తీరాల ఇసుకలో తీసిన పరుగు సమయాలకు కూడా ఇదే వర్తిస్తుంది.

3. ఫోన్‌ను నమ్మే ముందు పరీక్షించడం

చాలామంది ఈ మెట్టును వదిలేసి నేరుగా కొలతలకు దిగుతారు. ఆ తరువాత లెక్కలన్నీ వరుసగా తప్పుతాయి, కారణం మాత్రం అంతుపట్టదు.

1. వెదురు కర్రను గోడ పక్కన నిలువుగా నిలపండి.
2. క్రికెట్ బంతి అడుగు భాగం సరిగ్గా 2 మీటర్ల గుర్తు దగ్గర ఉండేలా పట్టుకుని, నెట్టకుండా వదిలేయండి.
3. మీరు తరువాత వాడబోయే వెలుతురులోనే, అదే సెట్టింగ్‌తో వీడియో తీయండి.
4. వీడియోను కంప్యూటర్‌లోకి కేబుల్‌తో ఎక్కించి, వదిలిన ఫ్రేము నుంచి నేలను తాకిన ఫ్రేము వరకూ లెక్కపెట్టండి.

గురుత్వ త్వరణాన్ని సెకనుకు సెకనుకు 9.78 మీటర్లుగా తీసుకోండి. పాఠ్యపుస్తకంలో 9.8 అని ఉంటుంది గానీ, భూమధ్యరేఖకు దగ్గరగా, 14, 15 డిగ్రీల అక్షాంశాల మీద ఉన్న నెల్లూరు, ఒంగోలులకు 9.78 మరింత సరిపోతుంది. ఈ విలువతో 2 మీటర్ల ఎత్తు నుంచి బంతి పడటానికి 0.64 సెకను పట్టాలి. అంటే 30 ఫ్రేముల వీడియోలో 19, 60లో 38, 120లో 77, 240లో దాదాపు 153 ఫ్రేములు రావాలి. ఒకటి రెండు ఫ్రేముల తేడా సహజమే. 60 అనుకున్న ఫోన్‌లో 30 ఫ్రేములే వస్తే, ఆ వెలుతురులో అది దాదాపు 47 ఫ్రేములే తీస్తోందని అర్థం.

ఫ్రేములు లెక్కపెట్టడానికి వీఎల్‌సీ ప్లేయర్ సరిపోతుంది. కినోవియా, ట్రాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఇంకా సౌకర్యంగా ఉంటాయి. స్లో మోషన్ వీడియోలో తెర మీద కనిపించే గడియారాన్ని నమ్మకండి. 240 ఫ్రేముల వీడియో 30 ఫ్రేముల చొప్పున ఆడుతుంటే ఆ గడియారం అసలు కాలానికి ఎనిమిది రెట్లు చూపిస్తుంది. వాట్సాప్‌లో పంపుకున్న వీడియోను కూడా కొలతకు వాడకండి. దారిలో అది కుదించుకుపోతుంది, ఫ్రేములు మారిపోవచ్చు.

4. సరళరేఖలో చలనం: 30 మీటర్ల పరుగు

ముందు దారి గీసుకోవాలి. ఆటగాడు పరుగెత్తే గీత మీద 0, 10, 20, 30 మీటర్ల దగ్గర సున్నంతో గుర్తులు పెట్టండి. 15 మీటర్ల గుర్తుకు ఎదురుగా, గీతకు లంబంగా 30 మీటర్ల దూరంలో ఫోన్‌ను నిలపండి. పరుగు మొత్తం ఒకే చట్రంలో పట్టాలి. ఆటగాడితోపాటు ఫోన్‌ను తిప్పకూడదు.

ఇప్పుడు కర్రలు నాటడం. ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. కర్రను ఆటగాడి దారిలో నాటలేం, కాబట్టి కొంచెం కెమెరా వైపు నాటాలి. కానీ 0 మీటర్ల గుర్తుకు సరిగ్గా ఎదురుగా నాటితే, కెమెరా చూపు ఏటవాలుగా పోతుంది గనుక, ఆ కర్ర ఆటగాడి దారిలో వేరే బిందువు మీద పడినట్టు కనిపిస్తుంది. కర్రలను దారి నుంచి ఒకటిన్నర మీటర్లు కెమెరా వైపు నాటుతున్నారనుకుందాం. అది 30 మీటర్లలో 5 శాతం. కాబట్టి ప్రతి కర్రనూ మధ్యరేఖ నుంచి దానికున్న దూరంలో 5 శాతం లోపలికి జరపాలి. 0, 30 మీటర్ల కర్రలు మధ్య నుంచి 15 మీటర్ల దూరంలో ఉన్నాయి గనుక ఒక్కొక్కటి 75 సెంటీమీటర్లు, 10, 20 మీటర్ల కర్రలు 25 సెంటీమీటర్లు లోపలికి రావాలి. నాటాక ఒకరిని అసలు గుర్తు మీద నిలబెట్టి, ఫోన్ తెరలో కర్ర వారి ఛాతీ మధ్య మీదుగా పోతోందో లేదో చూసుకోండి.

తరువాత వరుస ఇది:

1. పలక చూపించి రికార్డింగ్ మొదలుపెట్టండి.
2. ఆటగాడు తనకు తానుగా బయలుదేరాలి. చప్పట్లతో మొదలుపెడితే స్పందన కాలం కూడా కలిసిపోతుంది. మనకు కావలసింది పరుగు వేగం.
3. వెనుక పాదం కదిలిన మొదటి ఫ్రేమును సున్నాగా తీసుకోండి.
4. ఛాతీ ప్రతి కర్రనూ దాటిన ఫ్రేము సంఖ్యను రాయండి. చేయి, తల లెక్కలోకి రావు.
5. ఫ్రేముల సంఖ్యను 60తో భాగించి సెకన్లుగా మార్చండి.

ఉదాహరణకు 10 మీటర్ల దగ్గర 120, 20 దగ్గర 198, 30 దగ్గర 270 ఫ్రేములు వచ్చాయనుకుందాం. కాలాలు 2.00, 3.30, 4.50 సెకన్లు. మూడు భాగాల సగటు వేగాలు సెకనుకు 5.00, 7.69, 8.33 మీటర్లు.

ఇంటర్ విద్యార్థులు ఇక్కడ వెంటనే సమ త్వరణ సూత్రాన్ని, అంటే వేగం ఒకే తీరుగా పెరుగుతుందనుకునే సూత్రాన్ని, ఎక్కిస్తారు. మొదటి 10 మీటర్లు 2 సెకన్లలో వచ్చాయి గనుక త్వరణం 5 అనీ, 10 మీటర్ల దగ్గర వేగం సెకనుకు 10 మీటర్లనీ తేలుస్తారు. కానీ ఆ తరువాతి 10 మీటర్లలో సగటు వేగమే 7.69 ఉంది. త్వరణం ప్రతి అడుగుకూ తగ్గుతూ వచ్చిందని, సమ త్వరణ సూత్రం ఈ పరుగుకు వర్తించదని ఇదే చెబుతోంది.

సరైన పద్ధతి ఏమిటంటే, ప్రతి భాగపు సగటు వేగాన్ని ఆ భాగపు కాలంలో మధ్య క్షణానికి ఆపాదించాలి. మధ్య క్షణాలు 1.00, 2.65, 3.90 సెకన్లు. మొదటి రెంటి మధ్య త్వరణం 2.69ని 1.65తో భాగిస్తే 1.63, తరువాతి రెంటి మధ్య 0.64ని 1.25తో భాగిస్తే 0.51. ఈ ఆటగాడు 20 మీటర్లు దాటేసరికి దాదాపు తన గరిష్ఠ వేగానికి చేరాడు. శిక్షకుడికి పనికివచ్చే సమాచారం ఇది, మొత్తం 4.50 సెకన్లు అనే ఒక్క అంకెలో ఇది దాగిపోతుంది.

చేతి స్టాప్‌వాచ్‌తో ఈ భాగాలను కొలవడానికి ప్రయత్నించకండి. 1.20 సెకన్ల భాగంలో 0.2 సెకను పొరపాటంటే ఆరో వంతు తప్పు. వీడియోలో రెండు చివర్లా ఒక్కో ఫ్రేము తప్పినా పొరపాటు 3 శాతం లోపే.

5. బౌలింగ్ వేగం

ఫోన్‌ను పిచ్‌కు పక్కగా, లంబంగా నిలిపి 240 ఫ్రేములతో తీయండి. బంతి చేతిని వదిలిన ఫ్రేమునూ, నేలను తాకిన ఫ్రేమునూ గుర్తించండి. వదిలిన చోటికి సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి బంతి గుర్తు వరకూ టేపుతో కొలవండి. 12.0 మీటర్లు, 108 ఫ్రేములు వస్తే కాలం 0.45 సెకను, వేగం సెకనుకు 26.7 మీటర్లు, అంటే గంటకు 96 కిలోమీటర్లు.

పిచ్ పొడవైన 20.12 మీటర్లను కాలంతో భాగించడం అన్నిటికంటే తరచుగా జరిగే తప్పు. ఆ దూరం వికెట్ల మధ్యది. బౌలర్ క్రీజు దగ్గర వదిలే బంతి అంత దూరం ప్రయాణించదు. టీవీలో చూపే వేగం బంతి చేతిని వదిలిన వెంటనే తీసినది గనుక, మీకు వచ్చే సగటు వేగం దానికంటే తక్కువే ఉంటుంది.

6. గుండు విసరడం: మూడు కొలతలతో మొత్తం లెక్క

గాలిలో ఉన్న గుండుకు రెండు చలనాలు ఉంటాయి. అడ్డంగా అది ఒకే వేగంతో సాగుతుంది. నిలువుగా అది 9.78 త్వరణంతో కిందికి లాగబడుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకవు, కాలం మాత్రం రెంటికీ ఒకటే. అందువల్ల కోణాన్ని వీడియో మీద కోణమానిని పెట్టి కొలవనక్కర్లేదు. కింది మూడు కొలతలు చాలు.

ఎత్తు. ప్రయత్నానికి ముందు వెదురు కర్రను స్టాప్ బోర్డు (విసిరే వృత్తం ముందు అంచున ఉండే అడ్డ చెక్క) దగ్గర, తూకం గుండుతో సరిచూసి, నిలువుగా నిలిపి కొన్ని సెకన్లు వీడియో తీసి, తరువాత తీసేయండి. గుండు చేతిని వదిలిన ఫ్రేములో దాని అడుగు భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో ఆ కర్ర పట్టీలతో పోల్చి రాయండి. వీడియో నుంచి మనం తీసుకునే దూరం ఇదొక్కటే. కర్ర కెమెరాకు ఆటగాడి కంటే దగ్గరగా గానీ దూరంగా గానీ ఉండకూడదు. 12 మీటర్ల దూరంలోని కెమెరాకు ఒక మీటరు తేడా వస్తే ఎత్తు దాదాపు 8 శాతం తప్పుతుంది.

కాలం. వేలి కొసను వదిలిన ఫ్రేము నుంచి నేలను తాకిన ఫ్రేము వరకూ లెక్కపెట్టండి.

దూరం. పోటీలో స్టాప్ బోర్డు లోపలి అంచు నుంచి గుంటకు దగ్గరి అంచు వరకూ కొలుస్తారు. మనకు కావలసింది వదిలిన చోటికి కింద ఉన్న బిందువు నుంచి గుంట మధ్య వరకూ ఉన్న దూరం. చేయి బోర్డు అంచు కంటే 25 సెంటీమీటర్లు ముందుకు పోయి, గుంట మధ్య దగ్గరి అంచు కంటే 5 సెంటీమీటర్లు అవతల ఉంటే, పోటీ కొలత 9.80 అయినప్పుడు మన దూరం 9.60 అవుతుంది.

లెక్క ఇలా చేయాలి:

- అడ్డు వేగం = దూరం ÷ కాలం
- నిలువు వేగం = (4.89 × కాలం) − (ఎత్తు ÷ కాలం)

4.89 అంటే 9.78లో సగం. ఎత్తు 1.85 మీటర్లు, ఫ్రేములు 75, అంటే కాలం 1.25 సెకన్లు, దూరం 9.60 మీటర్లు అనుకుందాం. అడ్డు వేగం 7.68. నిలువు వేగం 6.11 లోంచి 1.48 తీసేస్తే 4.63.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా 7.68 సెంటీమీటర్లు, నిలువుగా 4.63 సెంటీమీటర్లు గీసి చివరలను కలపండి. కర్ణం పొడవు దాదాపు 8.97, కోణమానినితో కొలిస్తే కోణం 31 డిగ్రీలు. గుండు సెకనుకు 8.97 మీటర్ల వేగంతో, 31 డిగ్రీల కోణంలో చేతిని వదిలింది. క్యాలిక్యులేటర్‌తో చేయగలిగినవారు కూడా మొదటిసారి కాగితం మీదే గీయాలని నా సలహా, ఎందుకంటే వేగం రెండుగా ఎలా విడిపోయిందో కంటికి కనిపిస్తుంది.

ఒక ఫ్రేము తప్పు లెక్కపెడితే ఈ కోణం దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. కాబట్టి 60 ఫ్రేముల వీడియోతో, ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఒకటి రెండు డిగ్రీల తేడా చూసి నిర్ణయాలు తీసుకోకండి.

భద్రత గురించి ఒక మాట. గుండు పడే ప్రాంతంలో, గుండు నేల మీద పడి ఆగాకే మనుషులు అడుగుపెట్టాలి. ఫోన్ స్టాండు ఆ ప్రాంతానికి పక్కగా, కనీసం 12 మీటర్ల దూరంలో ఉండాలి. గుండును తిరిగి విసరకుండా చేత్తో తెచ్చి ఇవ్వాలి.

7. కోణం పెంచాలా, వేగం పెంచాలా?

45 డిగ్రీలు గరిష్ఠ వ్యాప్తిని, అంటే గుండు వెళ్లే దూరాన్ని, ఇస్తాయని చదివిన విద్యార్థి, 31 అని తేలగానే కోణం పెంచమంటాడు. పై ఆటగాడి వేగం, ఎత్తు అలాగే ఉంచి లెక్కవేస్తే ఏం వస్తుందో చూడండి.

- 31 డిగ్రీల దగ్గర 9.60 మీటర్లు.
- 39.7 డిగ్రీల దగ్గర 9.90 మీటర్లు. ఈ వేగానికి, ఈ ఎత్తుకు ఇదే గరిష్ఠం.
- 45 డిగ్రీల దగ్గర 9.78 మీటర్లు.
- 31 డిగ్రీలే ఉంచి వేగాన్ని 5 శాతం పెంచితే 10.39 మీటర్లు.

45 డిగ్రీల నియమం వదిలిన ఎత్తు, పడిన ఎత్తు సమానమైనప్పుడే వర్తిస్తుంది. గుండు భుజం పైనుంచి బయలుదేరుతుంది గనుక సరైన కోణం అంతకంటే తక్కువ. కోణాన్ని దాదాపు తొమ్మిది డిగ్రీలు పెంచితే వచ్చేది 30 సెంటీమీటర్లు. వేగాన్ని ఇరవయ్యో వంతు పెంచితే వచ్చేది 79 సెంటీమీటర్లు. పైగా నిటారుగా నెట్టే కొద్దీ చేయి అంత వేగాన్ని ఇవ్వలేదు, కాబట్టి ఆ 30 సెంటీమీటర్లు కూడా పూర్తిగా చేతికి రావు. శిక్షణ సమయాన్ని కాలి బలానికీ, వృత్తంలో జారే అడుగు వేగానికీ ఇవ్వడమే మేలు. కోణం మరీ 28 కంటే తక్కువగా ఉంటేనే దాన్ని విడిగా సరిచేయండి.

8. వాలీబాల్ ఆటగాడి ఎగురు ఎత్తు

పాదాలు నేలను వదిలిన ఫ్రేము నుంచి తిరిగి తాకిన ఫ్రేము వరకూ కాలం తీసుకోండి. ఆ కాలాన్ని దానితోనే గుణించి, 9.78తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. 60 ఫ్రేముల వీడియోలో 36 ఫ్రేములు, అంటే 0.60 సెకను వస్తే, ఎత్తు 44 సెంటీమీటర్లు.

దిగేటప్పుడు మోకాళ్లు ముడిస్తే పాదాలు ఆలస్యంగా తాకుతాయి. మూడు ఫ్రేములు ఎక్కువైతే చాలు, ఎత్తు 52 సెంటీమీటర్లుగా తేలుతుంది. కాళ్లు చాచి, మునివేళ్ల మీద దిగిన తరువాతే మోకాళ్లు వంచమని చెప్పి, మూడు ప్రయత్నాల్లో మధ్య విలువను తీసుకోండి.

9. ఈ లెక్క పనిచేయని చోట్లు

ఈ లెక్కలో గాలి నిరోధం లేదు. సెకనుకు 9 మీటర్ల వేగంతో పోయే గుండు మీద గాలి నిరోధం దాని బరువులో ఒక శాతం కూడా ఉండదు. సెకనుకు 30 మీటర్ల వేగంతో బౌండరీ నుంచి విసిరిన క్రికెట్ బంతి మీద అది బరువులో సగం దాకా ఉంటుంది. అలాంటి బంతికి పై సూత్రాలతో దూరం లెక్కవేస్తే మైదానం దాటిపోతుంది. తిరుగుతూ పోయే వాలీబాల్ సర్వీసుకు, బ్యాడ్మింటన్ కాక్‌కు అసలే వాడకూడదు.

అనుమానంగా ఉంటే, దారిలో సగం దూరానికి ఒక కర్ర నాటి, మొదటి సగానికీ రెండో సగానికీ పట్టిన ఫ్రేములను పోల్చండి. రెండో సగానికి మూడు నాలుగు ఫ్రేములు ఎక్కువ పడితే గాలి పని చేస్తోందని అర్థం.

లాంగ్ జంప్‌లో పాదాన్ని కాక నడుమును బిందువుగా తీసుకోవాలి. దిగేటప్పుడు నడుము బయలుదేరిన ఎత్తు కంటే కిందికి వస్తుంది. 6వ భాగంలోని సూత్రంలో ‘ఎత్తు’ అన్నచోట ఆ తేడాను, ‘దూరం’ అన్నచోట నడుము సాగిన దూరాన్ని వేయాలి. వచ్చే కోణం 20 డిగ్రీల దగ్గర ఉంటే కంగారు పడకండి, మంచి ఆటగాళ్లకూ అంతే ఉంటుంది.

10. లెక్క తేడాగా వస్తే చూడవలసినవి

- కోణం మరీ ఎక్కువగా, 50 డిగ్రీల పైన వచ్చిందా? ఫోన్ అనుకున్న దానికంటే ఎక్కువ ఫ్రేములు తీసి ఉండవచ్చు. బంతి వదిలే పరీక్ష మళ్లీ చేయండి.
- నిలువు వేగం సున్నా కంటే తక్కువ వచ్చిందా? ఎత్తును సెంటీమీటర్లలో వేసి ఉంటారు, లేదా నేలను తాకే ముందే లెక్క ఆపి ఉంటారు.
- వేగం, కోణం ఉపయోగించి తిరిగి దూరం కడితే రెండు మీటర్లకు పైగా తక్కువ వచ్చిందా? వదిలిన ఎత్తు, పడిన ఎత్తు సమానమనుకునే సమతల వ్యాప్తి సూత్రం వాడారు. పై ఉదాహరణలో అది 9.60కి బదులు 7.28 చూపిస్తుంది.
- వరుస ప్రయత్నాల్లో కాలం అస్థిరంగా మారుతోందా? వదిలిన ఫ్రేమును ఇద్దరు విడివిడిగా గుర్తించి పోల్చుకోండి. ఫోన్ ఎండకు వేడెక్కిందేమో కూడా చూడండి.
- పరుగులో చివరి భాగం వేగం హఠాత్తుగా తగ్గిందా? ఆటగాడు 30 మీటర్ల కర్ర చూసి ముందే ఆగుతున్నాడు. 40 మీటర్ల దగ్గర ఇంకో గుర్తు పెట్టి అక్కడిదాకా పరుగెత్తమనండి.

ప్రతి ప్రయత్నానికీ నోటు పుస్తకంలో తేదీ, వేళ, నేల స్థితి, రిబ్బను కదలిక, సెకనుకు ఫ్రేములు, మొదటి ఫ్రేము సంఖ్య, చివరి ఫ్రేము సంఖ్య, టేపు కొలత, ఎత్తు అన్నీ రాయండి. లెక్కవేసి తేల్చిన వేగాన్ని, కోణాన్ని వేరే వరుసలో రాయాలి. అప్పుడే నెల తరువాత అనుమానం వచ్చినా మూల కొలతల నుంచి మళ్లీ లెక్కవేసుకోవచ్చు.